మ్యాపింగ్‌కు ముందు కావలసింది సమయం

సంపాదకులకు,

పాఠ్యప్రణాళిక మ్యాపింగ్ (ఏ సబ్జెక్టులో ఏ పాఠం ఎప్పుడు చెబుతున్నామో పట్టికగా రాసి పోల్చుకోవడం) అనగానే కొన్ని బడులు ముందు సాఫ్ట్‌వేర్ కోసం వెతుకుతాయి. గణితం చెప్పే నాకు అది తలకిందుల పనిగా తోస్తుంది. మొదటి ఏడాది ప్రతి ఉపాధ్యాయుడూ తాను నిజంగా చెప్పిన పాఠం, నేర్పిన నైపుణ్యం, పెట్టిన పరీక్ష నెలనెలా రాస్తే చాలు; చెప్పాలనుకున్నది కాదు. తర్వాత ఆ పట్టికలను వేరే సబ్జెక్టుల వారితో కలిసి చదవాలి. నిష్పత్తులు నేను జనవరిలో మొదలుపెడుతుంటే, సైన్సులో వాటి అవసరమున్న సాంద్రత లెక్కలు నవంబరులోనే వచ్చేస్తున్న సంగతి అప్పుడే బయటపడుతుంది. ఇందుకు టైంటేబుల్‌లోనే పీరియడ్ కేటాయించాలి. బడి వదిలాక కూర్చోమంటే ఎవరు మనసు పెడతారు? ఈ పట్టికలతో ఉపాధ్యాయుల పనితీరును లెక్కగట్టబోమని ప్రధానోపాధ్యాయులు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. లేదంటే అందరూ పాఠ్యపుస్తకంలోని విషయసూచికనే దించి ఇస్తారు, అదీ చక్కని దస్తూరితో.

– ఒక ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయురాలు