గ్రాండ్ టెస్ట్ మర్నాడు కొత్త పాఠం వద్దు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల్ని నీట్ కోచింగ్‌లో చేర్పించేటప్పుడు తల్లిదండ్రులు మొదట అడిగేది 'రోజుకు ఎన్ని గంటలు చదివిస్తారు?' అని. పరీక్ష రాశాక తప్పులు చూసుకోవడానికి ఎంత సమయం ఇస్తారని అడిగేవారు అరుదు. చాలాచోట్ల ఆదివారం గ్రాండ్ టెస్ట్ (అసలు పరీక్షలాగే పెట్టే నమూనా పరీక్ష), రాత్రికల్లా ఇంటికి ర్యాంకు మెసేజ్, సోమవారం తెల్లవారగానే కొత్త చాప్టర్. ఈ వారం తప్పిన ప్రశ్నలే వచ్చే నెలా తప్పుతున్నాయంటే కారణం ఇదే.

నీట్‌లో 180 ప్రశ్నలకు 720 మార్కులు. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. వచ్చిన ప్రశ్నను పొరపాటున తప్పు పెడితే 5 మార్కుల తేడా. కాబట్టి మూడు గంటల టెస్టుకు కనీసం మరో మూడు గంటలు దిద్దుబాటుకు ఇవ్వాలి. తప్పిన ప్రతి ప్రశ్న పక్కనా కారణం రాయించాలి: అసలు చదవలేదా, చదివి మరిచారా, ప్రశ్నను సరిగా చూడలేదా, లెక్కలో పొరబడ్డారా. 'సరికానిది ఏది' అన్నచోట సరైనదాన్ని గుర్తించిన విద్యార్థితో చాప్టరంతా మళ్లీ చదివించి లాభం లేదు. ఆ పదం కింద గీత గీసే అలవాటు చేయించాలి. ఫిజిక్స్‌లో సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకుండా సూత్రంలో వేసేవారు మొదటి పంక్తిలోనే ప్రమాణాలన్నీ మార్చి రాసుకోవాలి. ఊహించి పెడితే కరెక్టయిన ప్రశ్నలు మరీ ప్రమాదం. మార్కుల్లో కనబడవు గనుక ఎవరూ పట్టించుకోరు. టెస్టు రాస్తున్నప్పుడే ప్రశ్నపత్రంలో వాటి పక్కన చుక్క పెట్టుకుంటే తర్వాత దొరుకుతాయి.

ఎక్కువ నష్టం మరుపు వల్లే. 90 ప్రశ్నలు బయాలజీవే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని నాలుగైదుసార్లు తిరగేసి, పంక్తులన్నిటికీ రంగులు పూసి, వచ్చేసిందనుకుంటారు. శ్వాసక్రియ పాఠమే చూడండి: ఎక్స్‌పిరేటరీ రిజర్వ్ వాల్యూమ్ (మామూలుగా ఊపిరి వదిలాక ఇంకా బలంగా వదలగలిగే గాలి) 1000-1100 మి.లీ., రెసిడ్యువల్ వాల్యూమ్ (ఎంత వదిలినా ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి) 1100-1200 మి.లీ. చదువుతున్నంతసేపూ తెలిసినట్టే ఉంటుంది. రెండూ 1100 దగ్గర కలుస్తాయి గనుక ఆప్షన్లలో పక్కపక్కన కనబడగానే తడబడతారు. వైటల్ కెపాసిటీలో (నిండా పీల్చాక పూర్తిగా వదలగలిగే గాలి) రెసిడ్యువల్ వాల్యూమ్ కలవదు, ఫంక్షనల్ రెసిడ్యువల్ కెపాసిటీలో (మామూలుగా ఊపిరి వదిలాక లోపల ఉండే గాలి) కలుస్తుంది. ఇదీ తారుమారవుతుంది. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద ఈ కొలతల పట్టికంతా రాసి, అప్పుడు పుస్తకం తెరిచి దిద్దుకోవాలి. పది నిమిషాల పని. మూడో రోజు, పదో రోజు, నెల తర్వాత అదే పట్టికను మళ్లీ చూడకుండా రాయాలి. ఆరోసారి చదవడం కన్నా ఇది కష్టంగా ఉంటుంది. ఆ కష్టపడి గుర్తు తెచ్చుకోవడం వల్లే విషయం నిలుస్తుంది.

తెలుగు మాధ్యమం విద్యార్థులకు మరో జాగ్రత్త. తెలుగును ఎంచుకున్నవారికి ప్రశ్నపత్రం తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలోనూ ఉంటుంది. అనువాదంలో అనుమానం వస్తే ఇంగ్లిష్ పాఠాన్నే ప్రామాణికంగా తీసుకుంటారు. అందుకని ప్రతి పారిభాషిక పదానికీ ఇంగ్లిష్ పేరు మొదటిరోజు నుంచే పక్కన రాసుకోవాలి. చివరి నెలలో మొదలుపెడితే సరిపోదు.

కళాశాలల యాజమాన్యాలకు విన్నపం. సోమవారం ఉదయం మూడు గంటలు కొత్త పాఠం ఆపి, ఆదివారం పేపర్‌ను పిల్లల చేతికివ్వండి, మూడు సబ్జెక్టుల అధ్యాపకులనూ గదిలో ఉంచండి. టెస్టు మధ్యాహ్నం 2 నుంచి 5 వరకే పెట్టండి. అసలు పరీక్ష జరిగేది ఆ వేళలోనే, భోజనం చేశాక మగత కమ్మే సమయంలో. ఓఎంఆర్ జవాబుపత్రంలో గడులు చివర్లో ఒక్కసారిగా నింపకుండా ఒక్కో పేజీ పూర్తికాగానే నింపేలా అలవాటు చేయండి. చివరి పది నిమిషాల హడావుడిలో ఒక్క వరుస జారితే కిందివన్నీ తప్పవుతాయి, నింపిన గడిని మార్చడం కుదరదు. దిద్దుబాటుకిచ్చే ఈ మూడు గంటలను నిద్రలోంచి మాత్రం తీయకండి. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, మళ్లీ నాలుగింటికి లేపడం ఉన్నచోట ముందు ఆ స్టడీ అవర్‌లోనే కోత పెట్టండి.

- ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి