గద్వాల చీర ఏ విభాగంలో ఉండాలి?

సంపాదకులకు నమస్కారం.

చేనేత సంఘాలు సొంతంగా ఆన్‌లైన్ దుకాణాలు తెరవడం సంతోషమే. కానీ చాలాచోట్ల చీరలను విభాగాలుగా పేర్చిన తీరు చూస్తే బాధ కలుగుతోంది. మెనూలో 'న్యూ అరైవల్స్', 'ఫ్యాన్సీ', 'రూ.5,000 లోపు' అని ఉంటాయి. పోచంపల్లి, వెంకటగిరి, ఉప్పాడ, నారాయణపేట పేర్లు మాత్రం కనిపించవు. చేనేత చీర కావాలనుకున్నవాళ్లు గూగుల్‌లో కొట్టేది ఆ ఊరి పేరే కదా! భౌగోళిక గుర్తింపు సాధించుకున్న పేర్లను మనమే దాచేస్తే ఎలా?

గద్వాల చీరనే తీసుకోండి. చీరంతా నూలు, అంచూ కొంగూ పట్టు. దాన్ని కాటన్‌లో ఒకసారి, పట్టులో ఒకసారి, పెళ్లి చీరల్లో మరోసారి ఎక్కిస్తారు. ఒకే చీరకు మూడు వెబ్ చిరునామాలు (లింకులు) తయారవుతాయి. గూగుల్ అందులో ఒకదాన్ని తీసుకుని మిగతావి పక్కన పెడుతుంది. విభాగం 'గద్వాల చీరలు' అని ఒక్కటే పెట్టి నూలు, పట్టు, రంగు, ధరలను ఫిల్టర్లుగా ఉంచాలి. చీర చిరునామాలో విభాగం పేరు లేకపోతే ఎన్నిచోట్ల చూపినా పేజీ ఒక్కటే. ఇప్పటికే మూడుచోట్ల ఎక్కించేసి ఉంటే, అసలు పేజీ ఏదో పేజీ కోడ్‌లో పెట్టే కెనానికల్ ట్యాగ్‌తో గూగుల్‌కు తెలపాలి. విభాగాల జాబితా రాసేముందు కౌంటర్‌లో చీరలు విప్పి చూపేవారిని అడగండి, జనం ఏ పేరుతో అడుగుతారో వారికే బాగా తెలుసు.

ఫిల్టర్లకూ హద్దుండాలి. 10 రంగులు, 5 ధరలు, 4 రకాల నూలు కలిస్తే, ఒక్కో కలయికకు ఒక్కో పేజీ చొప్పున ఒక్క విభాగానికే 200 పేజీలు. దుకాణం మొత్తంలో ఉన్నవి 150 చీరలే అయితే వాటిలో చాలావరకు ఖాళీ పేజీలే. గూగుల్ కోసం పేజీలు చదివే ప్రోగ్రాం (గూగుల్ బాట్) వాటి చుట్టూ తిరుగుతూ కొత్త చీర దగ్గరికి ఆలస్యంగా వస్తుంది. అందుకే ఫిల్టర్ చిరునామాలను రోబోట్స్ ఫైల్‌లో (బాట్ ఎక్కడికి రాకూడదో చెప్పే robots.txt) ఆపాలి. అక్కడ ఆపి, పేజీలో నోఇండెక్స్ (ఈ పేజీని వెతుకులాటలో చూపొద్దనే ట్యాగ్) కూడా పెడితే లాభం లేదు. లోపలికి రానివ్వని బాట్ ఆ ట్యాగ్‌ను చదవలేదు. 'మరిన్ని చూపు' బటన్‌తోనూ ఇలాంటి చిక్కే. బాట్ బటన్లు నొక్కదు, లింకులు పట్టుకుని వెళ్తుంది. కాబట్టి రెండో పేజీకి మామూలు లింకు తప్పనిసరి.

విభాగం పేరు తెలుగులో చూపించండి, చిరునామా మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచండి. తెలుగు చిరునామాను కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు శాతం గుర్తులు, అంకెల చాంతాడుగా మారుతుంది. అది చూసి మోసపు లింకేమోనని జనం నొక్కరు.

వెంకటగిరి చీరలు అయిపోయాయని ఆ విభాగాన్ని తీసేయకండి. నేత వివరాలు, మళ్లీ ఎప్పుడు వస్తాయన్న సమాచారం ఉంచితే పేజీ నిలుస్తుంది. శాశ్వతంగా మానేస్తేనే 301తో (పేజీ శాశ్వతంగా మారిందని చెప్పే సంకేతం) దగ్గరి విభాగానికి మళ్లించాలి. హోమ్ పేజీకి మళ్లిస్తే గూగుల్ దాన్ని లేని పేజీ కింద లెక్కగట్టే అవకాశముంది. పాత లింకు పట్టుకుని వచ్చిన కొనుగోలుదారూ దారి తెలియక వెనక్కి పోతారు.

– ఒక వెబ్ డెవలపర్, హైదరాబాద్