తనిఖీ చేయండి, కానీ తేదీ చెప్పండి: బ్రిటన్ విదేశాంగ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి గారికి,

నమస్కారం. నేను బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో మెటీరియల్స్ సైన్స్ బోధిస్తున్నాను. ఈ లేఖ ఇంగ్లిష్ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. ఏటాస్ సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తున్న విద్యార్థుల్లో, వాళ్ల ఇళ్లలో తెలుగు చదివేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల తరఫున ఏం అడుగుతున్నామో వాళ్లకూ తెలియాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఏటాస్ అంటే అకడమిక్ టెక్నాలజీ అప్రూవల్ స్కీమ్. ఫిజిక్స్, ఏరోస్పేస్, కెమికల్ ఇంజినీరింగ్, మెటీరియల్స్, కంప్యూటర్ సైన్స్, మైక్రోబయాలజీ లాంటి సబ్జెక్టుల్లో పీజీకి, పీహెచ్‌డీకి బ్రిటన్ వచ్చే విదేశీ విద్యార్థి చాలా కోర్సులకు వీసా కంటే ముందు మీ శాఖ నుంచి ఈ అనుమతి తెచ్చుకోవాలి. నేర్చుకున్న విద్య సామూహిక విధ్వంసక ఆయుధాల తయారీకి వెళ్లకుండా చూడడం దీని ఉద్దేశం. 2020 నుంచి అధునాతన సైనిక సాంకేతికతనూ ఇందులో చేర్చారు. 2021 మే నుంచి పరిశోధక ఉద్యోగులకూ ఇది తప్పనిసరైంది.

దీన్ని ఎత్తేయమని నేను అడగడం లేదు. ఇలాంటి తనిఖీ ఎందుకు అవసరమో బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో మొక్కల వ్యాధుల మీద పరిశోధన చేసి 1984లో పీహెచ్‌డీ పట్టా అందుకున్న రిహాబ్ తాహా, తర్వాత సద్దాం హుసేన్ జీవాయుధాల కార్యక్రమానికి నాయకత్వం వహించారు. 1994లో మీ ప్రభుత్వం ఒక తనిఖీ పద్ధతి పెట్టింది గానీ అది స్వచ్ఛందం. ఇష్టమైన విశ్వవిద్యాలయం విద్యార్థి వివరాలు పంపేది, ఇష్టం లేనిది ఊరుకునేది. అలాంటి తనిఖీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. 2007 నవంబరులో దాని స్థానంలో ఏటాస్ వచ్చింది. దరఖాస్తుకు ఫీజు లేదు. ఆ నిర్ణయం మంచిదని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

యూరోపియన్ యూనియన్ దేశాలు, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్ లాంటి దేశాల పౌరులకు దీని నుంచి మినహాయింపు ఉంది. భారతీయులకు లేదు. ఆ జాబితాలో భారత్‌ను చేర్చమని అడిగేవాళ్లున్నారు. నేను అది కూడా అడగడం లేదు. పాస్‌పోర్టు చూసి వదిలేయడం కంటే మనిషినీ, చేయబోయే పనినీ చూసి తేల్చడమే న్యాయమని నా అభిప్రాయం. నా బాధంతా ఆ తేల్చడం ఎప్పటికి జరుగుతుందో ఎవరికీ తెలియకపోవడం గురించే.

దరఖాస్తు ఎలా ఉంటుందో మీరు స్వయంగా ఒకసారి తెరిచి చూడాలని కోరుతున్నాను. చదువులు, ఉద్యోగాలు, అచ్చయిన పేపర్లు, చదువుకు డబ్బు కట్టేదెవరు, విద్యార్థి గురించి చెప్పగల ఇద్దరు రిఫరీలు, చేయబోయే పరిశోధన గురించి ఒక వివరణ. ఆ వివరణ దగ్గరే విద్యార్థులు ఆగిపోతారు. గ్యాస్ టర్బైన్ బ్లేడు మీద వేసే జిర్కోనియా పూత గురించి పరిశోధన చేయబోయే అమ్మాయి, "సర్, టర్బైన్ అన్న మాట ఉంచాలా, తీసేయాలా?" అని అడుగుతుంది. ఉంచమనే చెబుతాను. కరెంటు తయారుచేసే ప్లాంటులోని టర్బైన్ బ్లేడును వేడి నుంచి కాపాడేదీ, ప్రయాణికుల విమానం ఇంజిన్లో ఉండేదీ, యుద్ధ విమానంలో ఉండేదీ ఈ రకం పూతే. నా సబ్జెక్టులో దాదాపు ప్రతి పనీ ఇంతే, రెండు వైపులా పనికొస్తుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే చదివే అధికారికి తేల్చడం సులువు. నిజాయితీగా రాసినందుకు ఆలస్యమవుతుందేమో అన్న భయం మాత్రం ఆ అమ్మాయికి ఉండకూడదు. ఇప్పుడు ఉంది.

దరఖాస్తు పంపాక ఏం జరుగుతుంది? సాధారణంగా ఇన్ని పనిదినాలు పడుతుందని ఒక అంచనా ఉంటుంది, వేసవి రద్దీలో ఇంకా ఎక్కువ పట్టవచ్చన్న హెచ్చరికా ఉంటుంది. ఆ 'ఎక్కువ'కు హద్దు లేదు. ఆఫర్ చేతికి వచ్చాకే దరఖాస్తు చేయగలరు కాబట్టి చాలామందివి ఆ రద్దీ నెలల్లోనే వచ్చిపడతాయి. సర్టిఫికెట్ వస్తే తప్ప వీసాకు దరఖాస్తు చేయలేరు. కోర్సు మాత్రం సెప్టెంబరులోనో అక్టోబరులోనో మొదలైపోతుంది.

మంత్రి గారూ, ఈ లేఖలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. జవాబు రాకుండానే చేరాల్సిన ఆఖరి తేదీ దాటిపోయిన విద్యార్థికి ఎవరూ కాదని చెప్పలేదు. ఆ మనిషి వల్ల ప్రమాదం ఉందని ఏ అధికారీ రాయలేదు. అయినా సీటు పోతుంది. మాస్టర్స్ అయితే వచ్చే ఏడాదికి డిఫర్ చేసుకోవచ్చు, ఒక ఏడాది పోయినా చదువు మిగులుతుంది. పీహెచ్‌డీకి ఆ వీలు చాలాసార్లు ఉండదు. స్టైపెండ్ ఒక ప్రాజెక్టు డబ్బులోంచి వస్తుంది, ఆ ప్రాజెక్టుకు మొదలూ ముగింపూ ముందే రాసి ఉంటాయి. గైడు కొంతకాలం ఆగగలరు, ఆ తర్వాత ఆ స్థానం ఇంకొకరికి ఇవ్వక తప్పదు. తిరస్కరించి ఉంటే కనీసం అది ఒకరు తీసుకున్న నిర్ణయం, దాని బాధ్యత ఒకరిది. ఆలస్యం వల్ల పోయిన సీటుకు బాధ్యులు ఎవరూ లేరు. దేశ భద్రత పేరు చెప్పి ఇంత పెద్ద నిర్ణయం క్యాలెండరుకు వదిలేయడం మీ ప్రభుత్వానికి తగదు.

నాకు ఇంతకంటే అర్థం కానిది ఇంకొకటి ఉంది. పీహెచ్‌డీ పూర్తయ్యే తేదీ మూడు నెలలకు మించి వెనక్కి జరిగితే విద్యార్థి మళ్లీ కొత్త ఏటాస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ప్రయోగాలంటే తెలిసినవాళ్లకు తెలుసు, ఫర్నేసు పాడవుతుంది, శాంపిళ్లు పగుళ్లిస్తాయి, మైక్రోస్కోపు కోసం వరుసలో నిలబడాలి. మూడు నెలలు ఆలస్యం కావడం వింతేమీ కాదు. అప్పటికి ఆ విద్యార్థి అదే ల్యాబులో, అదే అంశం మీద ఏళ్ల తరబడి పనిచేసి ఉంటారు. ప్రమాదకరమైన విద్య ఏదైనా ఉంటే అది ఈపాటికే వంటబట్టి ఉంటుంది. మిగిలింది థీసిస్ రాయడం. ఈ దశలో మళ్లీ మొదటి రోజు లాగే అన్నీ నింపి, అదే వరుసలో నిలబడి, వీసా గడువు దగ్గరపడుతుంటే రాతమీద మనసు పెట్టలేక కూర్చోవడం వల్ల ఏ భద్రతకు మేలు జరుగుతుందో నాకు తెలియడం లేదు. గైడూ, అంశమూ, ల్యాబూ మారనప్పుడు విశ్వవిద్యాలయం రాసిచ్చే ధ్రువీకరణ మీద పాత సర్టిఫికెట్‌నే పొడిగించండి. అంశం మారితే మాత్రం తప్పకుండా కొత్తగా చూడండి.

2024 జులైలో ఢిల్లీలో మీ దేశమూ భారతదేశమూ కలిసి టెక్నాలజీ సెక్యూరిటీ ఇనిషియేటివ్ ప్రకటించాయి. సెమీకండక్టర్లు, క్వాంటమ్, కృత్రిమ మేధ, అధునాతన పదార్థాలు, బయోటెక్నాలజీ, టెలికాం, కీలక ఖనిజాల్లో కలిసి పనిచేస్తామన్నాయి. ఈ రంగాల్లో చాలావరకు ఏటాస్ అడిగే సబ్జెక్టులే. ఆ ప్రకటన ల్యాబుల్లో పనిగా మారాలంటే దాన్ని చేతులతో చేసేది పీహెచ్‌డీ విద్యార్థులే. వాళ్ల రాక ఎప్పుడో తెలియకపోతే ఉమ్మడి ప్రాజెక్టుకు టైమ్‌టేబుల్ వేయడం మా వల్ల కాదు.

కాబట్టి మా కోరిక చిన్నది. దరఖాస్తు అందిన రోజే, ఫలానా తేదీలోగా జవాబిస్తామని విద్యార్థికి రాసివ్వండి. ఆ తేదీకి తేలకపోతే, ఇంకా పరిశీలనలో ఉందనీ, మళ్లీ ఎప్పటికి చెప్పగలరో అదీ విద్యార్థికీ విశ్వవిద్యాలయానికీ ఒకేసారి తెలియజేయండి. పరిశీలన వివరాలేవీ బయటపెట్టనక్కర్లేదు, తేదీ చాలు. చేతిలో తేదీ ఉంటే మేము ప్రాజెక్టుకు డబ్బు ఇచ్చేవాళ్లతో మాట్లాడి సీటు ఆపగలం. జవాబు 'వద్దు' అయినా ఆ విద్యార్థి ఇంకో దేశంలో దరఖాస్తు గడువు దాటకముందే వేరే దారి చూసుకోగలరు. దీనికి అధికారులు చాలకపోతే వేసవి నెలల్లోనైనా అదనంగా నియమించండి. ఆ ఖర్చుకు మద్దతివ్వమని మా విశ్వవిద్యాలయాలను అడగడానికి నాలాంటి వాళ్లు సిద్ధంగా ఉన్నారు.

వచ్చే ఇన్‌టేక్ దరఖాస్తులు మొదలయ్యేలోగా మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
బ్రిటన్‌లో పనిచేస్తున్న ఒక తెలుగు అధ్యాపకుడు