పగలు పరీక్షించి రాత్రి బాగుందంటే ఎలా?

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: టైమ్‌లాప్స్ పాన్ హెడ్‌లో (ఫోటోకూ ఫోటోకూ మధ్య కెమెరాను కొంచెం పక్కకు తిప్పే మోటారు పరికరంలో) లోపం, రెండుసార్లు సర్వీసుకు పంపినా సరిచేయకపోవడం.

నమస్కారం. మీ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి తెలుగులో రాస్తున్నాను. 764తో మొదలయ్యే ఒడిశా పిన్‌కోడ్ చూసి కాబోలు, మీ కాల్ సెంటర్ వాళ్లు ప్రతిసారీ హిందీలోనే అందుకుంటున్నారు. కొరాపుట్ జిల్లా జయపురంలో తెలుగువాళ్లకు కొదవ లేదండి. నేను ఇక్కడే పెళ్లి వీడియోల స్టూడియో నడుపుతున్నాను. కొండలు, మబ్బులు, రాత్రి ఆకాశం టైమ్‌లాప్స్ తీయడం, అంటే గంటల తరబడి తీసిన ఫోటోలను కలిపి కొన్ని సెకన్ల వీడియో చేయడం, నాకున్న పిచ్చి. అందుకోసమే అక్టోబరులో మీ హెడ్ రూ.18,500 పెట్టి కొన్నాను.

డిసెంబరు అమావాస్యకు సెమిలిగుడ మీదుగా దేవమాలి వెళ్లాను. ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ అది, 1,672 మీటర్లు. ఆ చలిలో లెన్సు మీద మంచు పట్టకుండా పాత సాక్సు చుట్టి, లోపల హ్యాండ్ వార్మర్ పొట్లం దూర్చాను. మా నాయనమ్మ గొల్లకావిడి అని చూపించే మూడు చుక్కలు కొండ అంచు మీదుగా పైకి లేవడం తీయాలని ఆశ. 20 సెకన్ల ఎక్స్‌పోజర్ (షట్టర్ తెరిచి ఉంచే సమయం), 25 సెకన్లకో ఫోటో. రాత్రి 8 నుంచి 11 దాకా 432 ఫ్రేములు వచ్చాయి. ఆ చలిలో మూడు గంటలు కూర్చుంటే చేతికొచ్చేది 17 సెకన్ల వీడియో! అందులో ఒక్క సెకను పాడైనా ప్రాణం ఉసూరుమంటుంది. నాకు మొత్తం పాడైంది. కెమెరా వెనక బుల్లి తెర మీద బాగానే కనిపించింది గానీ, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేస్తే ప్రతి చుక్కా జంట చుక్క.

ఫోన్ చేస్తే మీవాళ్లు చెప్పిందేమిటంటే, భూమి తిరుగుతుంది కాబట్టి చుక్కలు సాగుతాయట, ఎక్స్‌పోజర్ తగ్గించుకోవాలట. భూమి తిరిగే సంగతి నాకూ తెలుసు. అందుకే చుక్కల సాగు పెద్దగా కనిపించని వెడల్పాటి 14 మి.మీ. లెన్సు వాడాను. అయినా భూమి తిరిగితే ఆకాశం సాగాలి గానీ, కింద ఊళ్లో దీపాలు ఎందుకు సాగాయి? కొండ అంచున నిలబడ్డ ఒంటి చెట్టు రెండుగా ఎందుకు పడింది? షట్టర్ తెరిచి ఉండగానే హెడ్ కదిలిందన్నమాట. కదిలి, ఆగి, తీసి, మళ్లీ కదలాలి. మీ డబ్బా మీద రాసిందీ అదే.

తెల్లవారాక లోయలో పొగమంచు పాలలా పరుచుకుంటే 3 సెకన్లకో ఫోటో తీశాను. అది మాత్రం చక్కగా వచ్చింది. పగటి షట్టర్ రెప్పపాటులో మూసుకుంటుంది కదా, లోపం బయటపడే అవకాశమే లేదు.

కొరియర్‌లో హెడ్ పంపితే పన్నెండు రోజులకు తిరిగొచ్చింది, "లోపం లేదు" అన్న చీటీతో. రెండోసారీ అదే చీటీ. పరీక్ష ఎలా చేశారని అడిగితే టెక్నీషియన్ గారు నిజమే చెప్పారు. ఆఫీసు కిటికీ ముందు పెట్టి, సెకనులో 1/60 వంతు మాత్రమే తెరిచుండే షట్టర్‌తో యాభై ఫోటోలు తీశారట.

నేనే ఒక పరీక్ష చేశాను. గది తలుపులు మూసి, చీకట్లో ఒక అగరుబత్తి వెలిగించి, 50 మి.మీ. లెన్సుతో దాని కొస మీద ఫోకస్ పెట్టాను. 5 సెకన్లకు ఒకే చుక్క. 8 సెకన్లకూ ఒకటే. 12కి పెంచేసరికి రెండు చుక్కలు, మధ్యలో సన్నటి గీత. 15, 20 సెకన్లకూ అంతే. అంటే ఎక్స్‌పోజర్ ఎంత పెట్టినా సుమారు పది సెకన్లు దాటగానే మోటారు కదిలిపోతోంది. బత్తి కాలుతోంది కాబట్టి చుక్క జరిగిందంటారేమో. కాలితే కిందికి దిగాలి గానీ పక్కకు జరగదు కదండీ. ఐదు ఫోటోలూ, దేవమాలి ఫ్రేములూ, బిల్లూ, మీ రెండు చీటీలూ దీనికి జతచేశాను.

ఇంకో హెడ్ పంపుతామని మెయిల్‌లో అన్నారు. మోటారును పది సెకన్లకే కదిలించే అదే సాఫ్ట్‌వేర్ ఉన్న ఇంకోటి నాకెందుకు? నా రూ.18,500, రెండు కొరియర్ల ఖర్చు రూ.640 పదిహేను రోజుల్లో నా ఖాతాలో వేయండి. ఈ లోపం సరిచేసేదాకా డబ్బా మీద "రాత్రి ఆకాశానికి" అన్న మాట తీసేయండి.

డబ్బు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీ ఆఫీసు ఎక్కడున్నా నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు.

హెడ్‌ను మూడోసారి నా ఖర్చుతో పంపను. మీ మనిషిని పంపితే డబ్బాతో సహా ఇచ్చేస్తాను. స్టూడియో ఉదయం పది నుంచి తెరిచే ఉంటుంది, ముహూర్తాల రోజుల్లో తప్ప.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
జయపురం, కొరాపుట్ జిల్లా, ఒడిశా