పార్కుకు తాళం, పిల్లలకు టైమ్‌టేబుల్

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, పిల్లల సెలవులు ఇంట్లోనే ఎలా గడపాలో చెబుతూ రంగురంగుల టైమ్‌టేబుల్ వేశారు. పొద్దున పార్కు, తర్వాత లైబ్రరీ, సాయంత్రం చెరువు గట్టున పక్షులు. ఫోన్ అరగంటకు మించకూడదట. రాసినవారు బెంగళూరులోనే ఉంటున్నారా?

మాది కె.ఆర్.పురం వైపు. అమ్మాయి, అల్లుడు ఆఫీసులకు పోతే మనవళ్లిద్దరూ నా బాధ్యత. 2024లో పార్కులన్నీ ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంచుతామని ఆర్భాటంగా ప్రకటించారు. మా పార్కు కాపలాదారుకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. ఎండ ఎక్కగానే గేటుకు తాళం పడుతుంది. తెరిచినప్పుడు మాత్రం ఏముంది, బంతాట నిషేధం అని బోర్డు. అపార్ట్‌మెంట్‌లో క్రికెట్ ఆడితే కార్ల అద్దాలు పగులుతాయని అసోసియేషన్ వాళ్లు గ్రూపులో మెసేజ్ పెడతారు. ఇంక పిల్లలు ఫోన్ పట్టుకోక ఏం చేస్తారు?

లైబ్రరీ సంగతి చెబితే నాకు బీపీ పెరుగుతుంది. ఇంటిపన్ను మీద 6 శాతం లైబ్రరీ సెస్ ఏటా కడుతున్నాం. మా పేట లైబ్రరీలో పేపర్లు చదివే పెద్దలు, పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు ఉంటారు. పిల్లలకంటూ ఉన్నది ఒక్క అర, అందులోవి అట్టలూడిన పుస్తకాలు. తెలుగు పుస్తకాలు అడగడం లేదు, అది అత్యాశ. కన్నడ కథల పుస్తకాలైనా నాలుగు కొత్తవి కొనరాదా? మా సెస్ డబ్బు ఎటు పోతోంది?

చెరువంటారా, మాకు దగ్గర్లో బెళ్లందూరు ఉంది. 2017లో కాలుష్యంతో మంటలు అంటుకున్న ఆ నీళ్ల దగ్గరికి పక్షుల కోసం వెళ్లాలంటే ముందు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

పిల్లల కోసం బాలభవన్, విశ్వేశ్వరయ్య సైన్స్ మ్యూజియం మంచివే, కాదనను. అన్నీ నగరం మధ్యలో కబ్బన్ పార్కు చుట్టూనే పెట్టారు. మెట్రో వచ్చింది కాబట్టి ఎప్పుడో ఒకసారి తీసుకెళ్తాం, రోజూ కుదరదు కదా. మా వైపున్నవి మాల్సూ, వారానికి వేలల్లో గుంజే సమ్మర్ క్యాంపులూ.

ఊరికి పంపొచ్చు కదా అంటారు. 2025లో కర్ణాటక బడులకు ఏప్రిల్ 11 నుంచి మే 28 దాకా సెలవులిచ్చారు, ఆంధ్రాలో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా. మావాళ్లు అనంతపురం వెళ్లేసరికి అక్కడి పిల్లలు ఇంకా బడిలోనే ఉన్నారు. ఇక వాళ్లు ఇంకా ఆటల్లో ఉండగానే మావాళ్లు పుస్తకాలకు అట్టలు వేసుకోవాల్సి వచ్చింది.

ఎవరికి చెప్పుకోవాలి? 2020 సెప్టెంబరులో నగరపాలక కౌన్సిల్ గడువు తీరిపోయాక ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు. కార్పొరేటర్ అనేవాడు ఎలా ఉంటాడో మా చిన్న మనవడికి తెలియదు. వార్డు ఆఫీసులో అర్జీ ఇస్తే ముద్ర కొట్టి, ఇంజనీరు గారు మీటింగులో ఉన్నారన్నారు. ఆయన మీ పత్రిక చదువుతారేమోనన్న ఆశతో రాస్తున్నాను. స్వామీ, బడులు తెరిచేదాకానైనా మధ్యాహ్నం ఆ గేటు తీయించండి, బోర్డు పీకించండి.

— ఒక తాతయ్య, కె.ఆర్.పురం, బెంగళూరు