పాత కంప్యూటర్‌కు కొత్త వేషం

తిరుపతి,
ఆదివారం రాత్రి

రేయ్ మామా,

ఎట్లున్నావు? చిత్తూరులో మీ అమ్మ దగ్గరుండే విండోస్ 7 లాప్‌టాప్‌ను మా కంప్యూటర్ లాగే విండోస్ 11లా కనబడేట్టు మార్చాలని, ఎట్లా చేశానో చెప్పమని పోయిన వారం అడిగావు కదా. అప్పుడు చుట్టూ మనుషులుండి సరిగ్గా చెప్పలేకపోయాను. అయినా అది ఫోన్‌లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మా కంప్యూటర్ నీకు తెలిసిందే. 2011లో కొన్నాం. విండోస్ 7, రెండు జీబీ ర్యామ్. నాన్న ఇప్పటికీ దాని మీదే పేజ్‌మేకర్‌లో 'అను' తెలుగు ఫాంట్లతో శుభలేఖలు టైప్ చేస్తారు. ఆ కీబోర్డు ఆయన వేళ్ళకు ఎంత అలవాటంటే, కరెంటు పోయి తెర ఆరిపోయినా ఆ మాట పూర్తి చేశాకే చెయ్యి తీస్తారు. కాబట్టి దాన్ని మార్చే మాటే లేదు.

మరి ఈ పని ఎందుకు పెట్టుకున్నానంటే, చెల్లెలి కోసం. మార్చిలో ఒక ఆఫీసులో చేరింది. అక్కడ అన్నీ విండోస్ 11. మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి గడప మీదే కూలబడింది. స్టార్ట్ బటన్ ఎడమ మూల లేదట, మధ్యలో ఉందట. రైట్ క్లిక్ కొడితే కట్, కాపీ అన్నీ పైన చిన్న బొమ్మలుగా వచ్చాయట. పక్క సీటాయన్ని రెండుసార్లు అడిగింది, మూడోసారి అడగడానికి మొహం చెల్లలేదు. డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైన పిల్ల మామా! "నాకేమీ రాదనుకుంటారన్నా" అంటుంటే నాకు అన్నం సహించలేదు.

కొత్తది కొందామంటే ఇప్పట్లో కుదరదు. మా దాంట్లోనే విండోస్ 11 వేద్దామంటే నాలుగు జీబీ ర్యామ్ కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. మాది వీటిలో దేనికీ అందదు. సరే, ఉన్నదాన్నే కొత్తదానిలా కనబడేట్టు చేస్తే రాత్రిపూట చెయ్యి తిప్పుకుంటుంది కదా అనుకున్నాను.

ఇక్కడ జాగ్రత్తగా చదువు. తెర రూపాన్ని మార్చే థీమ్‌లు బయటివాళ్ళు చేసినవైతే విండోస్ 7 మామూలుగా తీసుకోదు. యూఎక్స్‌థీమ్ అనే సిస్టమ్ ఫైలును ప్యాచ్ చేయాలి, అంటే లోపల కొంచెం మార్చాలి. కొన్ని థీమ్‌లైతే టాస్క్‌బార్‌నీ ఐకాన్లనూ చూపించే ఎక్స్‌ప్లోరర్ ఫైలునే మార్చమంటాయి. నేను అదీ మార్చాను. రీస్టార్ట్ చేసి పాస్‌వర్డ్ కొడితే నల్లటి తెర, దాని మీద తెల్లటి బాణం గుర్తు, అంతే. టాస్క్‌బార్ లేదు, ఐకాన్లు లేవు. టైమ్ రాత్రి ఒకటిన్నర. పొద్దున్నే తొమ్మిదికి బైరాగిపట్టెడ వాళ్ళ శుభలేఖ ప్రూఫ్ ఇవ్వాలి, అది అందులోనే ఉంది. నాన్న పక్క గదిలో నిద్రపోతున్నారు. ఆ టెన్షన్‌లో చేతులు చల్లబడిపోయాయి.

తర్వాత అర్థమైంది. విండోస్ 7లో 32 బిట్, 64 బిట్ అని రెండు రకాలు. మాది 32 బిట్, నేను వేసింది 64 బిట్ ఫైలు. అది ఇందులో నడవనే నడవదు. అదృష్టం ఏమిటంటే, మొదలుపెట్టే ముందే, తేడా వస్తే పాత స్థితికి తిరిగి పోవడానికి రీస్టోర్ పాయింట్ పెట్టుకున్నాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వచ్చింది. అందులో ఫైల్, న్యూ టాస్క్‌లోకి పోయి ఆర్‌ఎస్‌టీఆర్‌యూఐ (rstrui) అని ఇంగ్లీషులో కొడితే సిస్టమ్ రీస్టోర్ తెరుచుకుంది. రెండున్నరకి పాత నీలం డెస్క్‌టాప్ మళ్ళీ కనబడింది. ముందు శుభలేఖ ఫైలు తెరిచి చూసుకుని, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అప్పుడు మంచినీళ్ళు తాగాను.

అందుకే చెప్తున్నా, నువ్వు సిస్టమ్ ఫైళ్ళ జోలికి పోవద్దు. తెర మీది కిటికీల మూలలు విండోస్ 11లో లాగా గుండ్రంగా ఉంటే ఏం, లేకుంటే ఏం? చెయ్యి ఎక్కడికి పోతుందో ఆ చోట్లు మార్చుకుంటే చాలు. రెండోసారి నేను అంతే చేశాను. ఓపెన్ షెల్ అని ఉచితంగా దొరుకుతుంది, స్టార్ట్ మెనూ రూపాన్నీ బటన్ బొమ్మనూ మారుస్తుంది. వాల్‌పేపర్‌గా విండోస్ 11లో వచ్చే ఆ నీలం రేకుల పువ్వు పెట్టాను. టాస్క్‌బార్ ఐకాన్లు మధ్యకు రావడానికి పాత ఉపాయమే ఉంది. టాస్క్‌బార్ లాక్ తీసి, టూల్‌బార్స్‌లో న్యూ టూల్‌బార్ అని ఒక ఖాళీ ఫోల్డర్ చూపించి, దాని పేరు కనబడకుండా చేసి, ఎడమకు లాగాలి. అప్పుడు ఐకాన్లను చుక్కల గీత పట్టుకుని మధ్యకు జరపొచ్చు. స్టార్ట్ బటన్ మాత్రం ఎడమ మూల నుంచి కదలదు.

తెలుగు విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకో. సన్నగా అందంగా ఉంటుందని టైటిల్ బార్ (పైన ఫైలు పేరు కనబడే పట్టీ) ఎత్తు తగ్గించాను. చెల్లెలు నోట్‌ప్యాడ్‌లో దాచుకున్న "ఖర్చులు" ఫైలు తెరిస్తే పైన "ఖరులు" అని కనబడింది. చ వత్తు కింద తెగిపోయింది. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే ఎత్తు మన వత్తులకు చాలదు. మళ్ళీ పెంచాను. నాకు అందం కంటే వత్తు ముఖ్యం.

ఇన్ని చేశాక కూడా చెల్లెలికి బాగా పనికొచ్చింది వేరే ఉంది. విండోస్ మీట నొక్కి ప్రోగ్రామ్ పేరు కొడితే విండోస్ 7, 11 రెండింటిలోనూ వస్తుంది, స్టార్ట్ ఎక్కడున్నా సరే. విండోస్ మీటతో ఈ కొడితే ఫోల్డర్లు, డీ కొడితే డెస్క్‌టాప్, ఎడమ బాణం కొడితే సగం తెర. ఇవీ రెండింటిలో ఒకటే. వారం రోజులు అన్నం తిన్నాక అరగంట కూర్చుని ఇవే చేసింది. విండోస్ 11లో షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ కొడితే పాత మెనూ వస్తుందని కూడా చెప్పాను. టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అలైన్‌మెంట్ లెఫ్ట్ అని పెడితే అక్కడా స్టార్ట్ ఎడమకు వస్తుంది. పోయిన సోమవారం అది పెట్టుకుందట. అది చూసి ఆ పక్క సీటాయన తనకూ పెట్టమని అడిగాడట! అది చెప్తున్నప్పుడు దాని మొహం చూడాల్సింది.

ఇంకోమాట. విండోస్ 7కు మనలాంటి వాళ్ళకిచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. పైన ఎన్ని రంగులేసినా లోపల అదే. అమ్మ అన్న మాట నాకు బాగా నచ్చింది: "గంగమ్మ జాతరలో ఒంటికి బొగ్గు పూసుకుని తోటి వేషం కట్టినోడు ఆ బొగ్గు కడుక్కుంటే మళ్ళీ మన వీధి పిల్లోడే కదరా." అందుకే మా కంప్యూటర్‌కు నెట్ కేబుల్ తీసేశాను. మీ అమ్మగారి లాప్‌టాప్‌లో కూడా బ్యాంకు పనులు, పాస్‌వర్డ్లు పెట్టనివ్వకు. వాటికి నీ ఫోనే నయం.

వచ్చే మంగళవారం రాత్రి గంగమ్మ జాతర చాటింపు. ఈసారి ఎట్లాగైనా రా. లాప్‌టాప్ కూడా తెచ్చుకో, ఇద్దరం కూర్చుని చేద్దాం. వచ్చేముందు అందులో కంప్యూటర్ అనే ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో 32 బిట్టా 64 బిట్టా చూసి నాకు మెసేజ్ పెట్టు. అమ్మ సంగటి, ఊరిబిండి చేస్తానంది.

నీ మామ