అడ్వాన్స్ కట్టాక కాదు, కట్టకముందే చెప్పండి: కేర్ హోమ్ యాజమాన్యానికి పదకొండు కుటుంబాల ఉమ్మడి ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: హైదరాబాద్ శివారులోని మీ వృద్ధుల కేర్ హోమ్‌లో రాత్రిపూట సిబ్బంది కొరత, చేర్చుకునే ముందు చెప్పని ఛార్జీలు, అగ్రిమెంట్‌లోని ఏకపక్ష షరతులు.

అయ్యా,

మీ హోమ్‌లో ఉంటున్న పదకొండు మంది పెద్దవాళ్ల కుటుంబాలవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఎవరికి వాళ్లం వచ్చి అడిగితే మీ ఫ్రంట్ ఆఫీసువాళ్లు "ఇది మీ ఒక్కరి సమస్యేనండీ" అని పంపేస్తున్నారు. అందుకే పదకొండు అగ్రిమెంట్లూ, ఆరు నెలల బిల్లులూ ఒకచోట పెట్టి చూశాం. అన్నిట్లోనూ ఒకటే కథ. అమ్మనో నాన్ననో ఎక్కడ ఉంచాలో తేల్చుకోవడానికి ఏ వివరాలు కావాలో, సరిగ్గా అవే మీ దగ్గర డబ్బు కట్టాక బయటికొస్తున్నాయి. మా ఫిర్యాదంతా దీని గురించే.

ముందు రాత్రి డ్యూటీ సంగతి. మీ బ్రోచర్‌లో "ప్రతి అయిదుగురికి ఒక కేర్‌టేకర్" అని ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లను మీరు తిప్పి చూపించేది ఉదయం పదకొండింటికి. అమెరికాలో ఉన్న పిల్లల కోసం తీసి పంపే వీడియో కూడా ఆ వేళదే. అప్పటికి స్నానాలు అయిపోయి, దుప్పట్లు మార్చి, అందరినీ హాల్లో కూర్చోబెట్టి ఉంటారు. ఆ వేళకు నలభై మందికి ఎనిమిది మంది ఉండే మాట నిజమే. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అదే నలభై మందికి ఇద్దరే ఉంటున్నారు. మీ డ్యూటీ రిజిస్టర్‌లో సంతకాలు చూశాకే ఈ మాట అంటున్నాం.

ఇద్దరు ఎందుకు చాలరో లెక్క వేసి చూపిస్తాం. నలభై మందిలో తొమ్మిది మంది పూర్తిగా మంచాన ఉన్నారు. తమంతట తాము ఒత్తిగిలలేరు. అలాంటివాళ్లను పడక పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పి పడుకోబెట్టాలని నర్సింగ్ చదివినవాళ్లందరికీ తెలుసు. కింద పరిచిన షీటును ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మనిషిని కొంచెం ఎత్తి జరపాలి. లాగితే నడుం కింద పలచబడిన చర్మం గీరుకుపోతుంది. తరవాత వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద ఇంకొకటి పెట్టాలి. డైపర్ తడిసిందేమో చూసి, తడిస్తే తుడిచి, తడి ఆరాక కొత్తది వేయాలి. ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా మనిషికి పది నిమిషాలు పడుతుంది. తొమ్మిది మందికి తొంభై నిమిషాలు. ఇద్దరూ కలిసి చేయాల్సిన పని కాబట్టి ఆ తొంభై నిమిషాలూ ఇద్దరూ ఒకే మంచం దగ్గర ఉంటారు. ప్రతి రెండు గంటల్లో మిగిలేది అరగంట. మిగతా ముప్పై ఒక్క మందిని బాత్రూమ్‌కు పట్టుకెళ్లడం, మంచినీళ్లివ్వడం, దిక్కుతోచక లేచి తిరిగేవాళ్లను మళ్లీ పడుకోబెట్టడం అంతా ఆ అరగంటలోనే అయిపోవాలి. వాళ్లకు కూర్చుని టీ తాగే వ్యవధి కూడా ఈ లెక్కలో లేదు.

అందుకని ఏదో ఒకటి మానేస్తారు. ఏది మానేస్తున్నారో మా పెద్దవాళ్ల ఒళ్లు చెబుతోంది. పదకొండు మందిలో ముగ్గురికి నడుం కింద, ఒకరికి ఎడమ మడమకు పడక పుండ్లు పడ్డాయి. చేరిన రోజు మీ నర్సు నింపిన షీటులో ఆ నలుగురికీ "చర్మం బాగుంది" అనే ఉంది. పక్కకు తిప్పినట్టు రాసే చార్టు తీసి చూడండి. రాత్రి 10, 12, 2, 4 గడులన్నిటిలో ఒకే పెన్నుతో, ఒకే ఊపులో పెట్టిన టిక్కులు కనిపిస్తాయి. ఎడమకా, కుడికా, వెల్లకిలానా అన్నది రాయాల్సిన గడి నెల మొత్తం ఖాళీ. ఏ పక్కకు తిప్పారో రాయని చార్టు ఎవరికీ పనికిరాదు.

"ఎయిర్ బెడ్ (పంపుతో గాలి నింపే పరుపు) వేశాం కదా" అన్నది మీ మేనేజర్ గారి జవాబు. ఎయిర్ బెడ్ మీద ఉన్నవాళ్లను కూడా తిప్పాల్సిందే. పైగా మేం చూసిన రెండు మంచాల దగ్గర పంపు నాబ్ చివరిదాకా తిప్పి ఉంది. ఆ నాబ్‌ను మనిషి బరువును బట్టి పెట్టాలి. 45 కిలోల మనిషికి గాలి అంత బిర్రుగా నింపితే అది కూడా గట్టి పరుపులాగే ఒత్తుతుంది. దాని కోసం నెలకు 2,500 అద్దె వసూలు చేస్తున్నారు.

మీ కేర్‌టేకర్ల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇద్దరి చేత నలుగురి పని చేయించి, చేసినట్టు చార్టు నింపించడం మీదే మా ఫిర్యాదు. నలభై మందిలో తొమ్మిది మంది మంచాన ఉన్నప్పుడు రాత్రికి కనీసం నలుగురు ఉండాలి. ఒక జట్టు తిప్పే పని చూస్తుంటే, రెండో జట్టు బెల్లులకు పలుకుతుంది. వీళ్లకు తోడు మెలకువగా ఉండే నర్సు ఒకరు.

నర్సు మాట ఎందుకంటే, మీ బ్రోచర్‌లోని "24 గంటల వైద్య పర్యవేక్షణ" అంటే బుధవారం, శనివారం గంటసేపు వచ్చే డాక్టరు, పగటి పూట ఒక నర్సు, రాత్రికి ఒక ఫోన్ నంబరు. మీరు రాత్రి భోజనం ఆరున్నరకు పెడుతున్నారు. టిఫిన్ పొద్దున ఎనిమిదిన్నరకు. మధ్యలో పద్నాలుగు గంటలు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఇంత ఎడం ప్రమాదం. తెల్లవారుజామున షుగర్ పడిపోతే చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, ఎక్కడున్నారో తెలియక గాబరా పడతారు. తెలియనివాళ్లు చూస్తే మతిమరుపు ముదిరిందనుకుంటారు. మీ రిజిస్టర్‌లో అలాంటి ఒక రాత్రికి ఎదురుగా "గొడవ చేశారు, నిద్రమాత్ర ఇచ్చాం" అని రాసి ఉంది. గ్లూకోమీటర్ రీడింగ్ లేదు. అలాంటప్పుడు ముందు వేలి నుంచి చుక్క తీసి చూడాలి. 70 కన్నా తక్కువుంటే, మింగగలిగే స్థితిలో ఉన్నవాళ్లకు 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి పట్టించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. మింగలేకపోతే నోట్లో ఏదీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెడితే పొద్దున లేవకపోవచ్చు. భోజనం ఏడున్నరకు మార్చి, పడుకోబోయే ముందు డాక్టరు చెప్పినంత పాలో, ఇడ్లీయో ఇస్తే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు, వంటవాళ్ల షిఫ్టు ఒక గంట జరిపితే చాలు.

ఇక డబ్బు. బ్రోచర్‌లో నెలకు 42,000 అని ఉంది. మొదటి బిల్లు 49,560 వచ్చింది, 18 శాతం జీఎస్టీతో కలిపి. "వృద్ధాశ్రమాలకు జీఎస్టీ ఉండదు" అని మీ మార్కెటింగ్ వాళ్లే మాలో నలుగురికి చెప్పారు. ఆ మినహాయింపు అందరికీ రాదు. ప్రభుత్వమో, ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధార్మిక సంస్థలో నడిపే ఆశ్రమాలకు, 60 ఏళ్లు నిండినవాళ్ల దగ్గర నెలకు 25,000 వరకు తీసుకునేటప్పుడే అది వర్తిస్తుంది. మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. పన్ను కట్టనని మాలో ఎవరూ అనడం లేదు. రెండు మూడు చోట్ల రేట్లు పోల్చి చూసుకునేవాళ్లకు నెలకు 7,560 తేడా చిన్నది కాదు. బ్రోచర్‌లో ఒక వాక్యం వేసి ఉంటే సరిపోయేది.

డైపర్లు మీ దగ్గరే కొనాలన్నారు. రోజుకు నాలుగు చొప్పున నెలకు 120 కావాలి. మాలో ఇద్దరికి వరసగా మూడు నెలలు 180 చొప్పున బిల్లు వేశారు. ఎన్ని వాడారో రాసే పుస్తకం లేదు. బయట కొని తెచ్చుకోవడానికి ఒప్పుకోండి, లేదా మార్చిన టైముతో సహా రాసిపెట్టండి.

వీటికన్నా బరువైనది "కేర్ లెవెల్", అంటే మనిషికి ఎంత సాయం కావాలన్న దాన్ని బట్టి వేసే ఛార్జీ. చేర్చేటప్పుడు అందరినీ లెవెల్ 1 అన్నారు. నెల తిరక్కుండానే పదకొండు మందిలో ఎనిమిది మందిని లెవెల్ 2కో 3కో మార్చారు. దాంతో నెలకు 6,000 నుంచి 12,000 పెరిగింది. దేన్ని బట్టి మార్చారని అడిగితే "మా టీమ్ అసెస్‌మెంట్" అన్నారు, కాగితం మాత్రం ఇవ్వలేదు. మనిషి ఎంత వరకు తన పని తాను చేసుకోగలరో చూడ్డానికి వైద్యులు ఎప్పటినుంచో వాడుతున్న ఆరు పనుల పట్టిక ఉంది: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డి వాడకం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఈ ఆరింటిలో ఎన్నిటికి సాయం కావాలన్న దాన్ని బట్టి లెవెల్ నిర్ణయించండి. చేర్చుకునే ముందే, ఇంటివాళ్ల ఎదుట చూడండి. కొత్త చోటికి వచ్చిన పెద్దవాళ్లు మొదటి రెండు మూడు వారాలు మామూలు కన్నా తికమకగా, బలహీనంగా ఉంటారు. సరిగ్గా ఆ వారాల్లోనే చూసి లెవెల్ పెంచితే, సర్దుకున్నాక తగ్గించాలి కదా. ఇప్పటిదాకా ఒక్కరికి కూడా తగ్గించలేదు.

అగ్రిమెంట్ పద్నాలుగు పేజీలు, ఇంగ్లీషులో ఉంది. మూడు లక్షల డిపాజిట్ కట్టి, సామాను గదిలో దించాకే చేతికిచ్చారు. అందులో ఉన్నవి ఇవి. మేం ఖాళీ చేయాలంటే 60 రోజుల ముందు చెప్పాలి, మీరు ఖాళీ చేయించాలంటే 7 రోజులు చాలు, కారణం రాయనక్కర్లేదు. ఆరు నెలల్లోపు వెళ్లిపోతే డిపాజిట్‌లో సగం పోతుంది. ఆ తరవాత కూడా ఏడాదికి పది శాతం కోత. ఆస్పత్రిలో ఉన్న రోజులకు కూడా భోజనంతో సహా పూర్తి ఛార్జీ. మనిషి పోయినా ఆ నెల మొత్తం కట్టాలి, డిపాజిట్ 90 రోజుల తరవాత ఇస్తారు. అది ఎవరి చేతికి ఇస్తారో మాత్రం ఎక్కడా లేదు. డబ్బు పంపింది డాలస్‌లో ఉన్న కొడుకు, సంతకం పెట్టింది ఇక్కడి మేనల్లుడు, రసీదు తల్లి పేరు మీద. రేపు ఆ తల్లి పోతే వాళ్లు వారసత్వ పత్రాల కోసం తిరగాలి. చేరే రోజే రసీదులో డబ్బు కట్టినవాళ్ల పేరు, నామినీ పేరు రాస్తే ఈ చిక్కు ఉండదు.

పదిహేను రోజుల ట్రయల్ అని బోర్డు పెట్టారు. దానికి ముందే మొత్తం డిపాజిట్, తిరిగి ఇవ్వని 25,000 అడ్మిషన్ ఫీజు కట్టించుకుంటున్నారు. నచ్చకపోతే సగం డిపాజిట్ పోయేదాన్ని ట్రయల్ అనకూడదు.

డిపాజిట్ మూడు లక్షలంటే బ్రోచర్ రేటు ప్రకారం ఏడు నెలల ఛార్జీకి పైమాటే. మితిమీరిన డిపాజిట్ అడగడం, సరైన కారణం లేకుండా ఒప్పందం రద్దు చేసే హక్కు ఒక పక్షానికే ఉంచడం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(46) సెక్షన్‌లో అన్యాయమైన ఒప్పందం కిందికి వచ్చేవే. అలాంటి ఒప్పందాల మీద ఫిర్యాదు రాష్ట్ర వినియోగదారుల కమిషన్ వింటుంది. చెప్పిన సేవ చేయకపోవడం మీద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. అయిదు లక్షల లోపు చెల్లింపులకు అక్కడ ఫీజు కూడా లేదు. ఫిర్యాదుకు ఉన్న రెండేళ్ల గడువులో మాలో ఎవరికీ ఏడాది కూడా దాటలేదు. అయినా ముందు మీకే రాస్తున్నాం. మా పెద్దవాళ్లను మళ్లీ ఇంకో చోటికి కదిలిస్తే మొదట దెబ్బతినేది వాళ్లే, మాకు అదే భయం.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఏడు రోజుల నోటీసు షరతు తీసేసి, కారణం రాసి రెండు వైపులా 60 రోజులు పెట్టండి. ఆస్పత్రి రోజులకు భోజనం, కేర్ ఛార్జీలు మినహాయించండి. ఏడాదికి పది శాతం కోత, ఆరు నెలల సగం కోత ఎత్తేయండి. కాగితం లేకుండా పెంచిన లెవెల్ ఛార్జీలు, లెక్కకు మించి వేసిన డైపర్ల సొమ్ము వచ్చే బిల్లులో సర్దండి. ఇకముందు చేరబోయేవాళ్లకు అగ్రిమెంట్ తెలుగు ప్రతి, పన్నుతో కలిపిన పూర్తి రేట్లు, రాత్రి డ్యూటీ చార్టు, డబ్బు తీసుకోవడానికి కనీసం వారం ముందు ఇవ్వండి. చెప్పకుండా రాత్రి ఎనిమిదింటికి వచ్చినా లోపలికి రానిచ్చి చూపించండి. పదకొండింటి వీడియో కన్నా రాత్రి వచ్చి ఒక అరగంట చూస్తే ఎవరికైనా ఎక్కువ తెలుస్తుంది. జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, పెద్దవాళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 14567 ఎల్డర్‌లైన్‌కు చెప్పి, కమిషన్‌కు వెళతాం. ఫిర్యాదు చేశారన్న కారణంతో ఏ ఒక్కరినీ ఖాళీ చేయమనడం గానీ, వాళ్లతో మాట తేడాగా ఉండడం గానీ జరగకూడదు.

రాత్రి డ్యూటీకి ఇంకో ఇద్దరిని, ఒక నర్సును వేసే పని మాత్రం పదిహేను రోజులు ఆగేది కాదు. పుండ్లు పడ్డ నలుగురి గది నంబర్లు జతచేసిన కాగితంలో ఉన్నాయి. ఈ రాత్రి పది గంటలకు వాళ్లను ఎవరు తిప్పుతారో, ఏ పక్కకు తిప్పారో చార్టులో పేరుతో రాయించి, రేపు పొద్దున ఫొటో మా వాట్సాప్ గ్రూపులో పెట్టించండి.

ఇట్లు,
మీ హోమ్‌లో ఉంటున్న పదకొండు మంది పెద్దవాళ్ల కుటుంబ సభ్యులు